జెడ్‌లిబ్‌కు మిగిలిన తోక

డెబియన్ లినక్స్ నడిచే కంప్యూటర్‌లో ప్యాకేజీల జాబితా అడిగితే, అక్షరక్రమంలో దాదాపు అట్టడుగున ‘జెడ్‌లిబ్1జి’ అనే పేరు తేలుతుంది. 2001లో డెబియన్ మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు అక్కడే ఉంది. నిన్న సాయంత్రం చూసినా అక్కడే ఉంది. జెడ్‌లిబ్ అంటే ఏమిటో తెలుసు: ఫైళ్లను నొక్కి చిన్నవి చేసే లైబ్రరీ, జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు 1995లో విడుదల చేశారు. 1 అంటే లైబ్రరీ ఎన్నో తరమో చెప్పే అంకె. అదీ తెలుసు. మరి చివర ఆ ‘జి’?

పదేళ్లపాటు నేను అడగలేదు. మా ఊళ్లో ‘గోడల వెంకటేశ్వర్లు’ అని ఒకాయన ఉండేవాడు. గోడలేమిటని ఆయన్నీ ఎవరూ అడిగేవారు కాదు. ఆయన తాత చెరువుగట్టున గోడ కట్టి ఊరందరితో తగువు పెట్టుకున్నాడట. గోడ కూలి, తగువు చల్లారి, తాత పోయి, పేరు మాత్రం మనవడి దాకా నడిచొచ్చింది. సర్వర్ల మధ్య పాతికేళ్లు పనిచేసి నేను కూడబెట్టిన చరిత్ర జ్ఞానమంతా ఇలాంటి గోడలదే. ప్యాకేజీకి పేరెలా పెట్టాలో చెప్పే నియమాలు పేజీలకు పేజీలున్నాయి. ఆ పేజీల్లో ఏ వాక్యం గీరినా కింద ఒక పాత తగువు తగులుతుంది.

లినక్స్ ప్యాకేజీల పేర్ల కథ ఫ్లాపీలతో మొదలవుతుంది. 1993లో పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ తెచ్చినప్పుడు అది ఫ్లాపీల కట్టలుగా వచ్చేది. ‘ఎ’ వరస ఫ్లాపీల్లో అసలు వ్యవస్థ, ‘ఎన్’ వరసలో నెట్‌వర్క్, ‘ఎక్స్’ వరసలో కిటికీలు, ‘వై’ వరసలో ఆటలు. ఈమ్యాక్స్ ఎడిటర్ ఎంత లావంటే దానికొక్కదానికే ‘ఇ’ అని సొంత వరస. ఆ ఫ్లాపీలు డాస్ పద్ధతివి కనక, ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడక్షరాలు దాటకూడదు. పేర్లు పొట్టివయ్యాయంటే అది ఎవరి అభిరుచీ కాదు, ఫ్లాపీ కొలత. ఫ్లాపీలు పోయి సీడీలొచ్చాక కూడా ఆ పొట్టి పేర్లు చాలాకాలం నడిచాయి. 2002లో 8.1 వచ్చాకగానీ స్లాక్‌వేర్ పేరు, వెర్షన్, ప్రాసెసర్ రకం, ఎన్నో కూర్పు అని నాలుగు ముక్కల పొడుగు పేర్లకు మారలేదు.

అదే 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ డెబియన్ ప్రకటించాడు. పేరు డెబ్రా, ఇయన్ కలిపి కుట్టింది. డెబ్రా అప్పటికి ఆయన స్నేహితురాలు, తర్వాత భార్య, ఆ తర్వాత మాజీ భార్య. పేరు మాత్రం విడిపోలేదు.

నేను ఈ లోకంలోకి వచ్చింది డెబియన్ ద్వారా కాదు. 1999లో ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ద్వారా. అందులో రెడ్ హ్యాట్ ఉంది. అమీర్‌పేటలో ముగ్గురం ఉండే గదిలో, ముగ్గురం చందా వేసుకుని కొన్న పాత కంప్యూటర్‌లో ఎక్కించాం. ఒక చిన్న ప్రోగ్రామ్‌ను సోర్సు నుంచి కట్టబోతే ‘జెడ్‌లిబ్ డాట్ హెచ్ లేదు’ అని ఆగిపోయింది. జెడ్‌లిబ్ ఉంది కదా, కళ్లెదుట కనిపిస్తోంది కదా అని రెండు సాయంత్రాలు కొట్టుకున్నాం. నెట్ సెంటర్‌లో గంటకు ముప్పై రూపాయలు పోసి వెతికితే తేలిందేమిటంటే, లైబ్రరీని వాడుకునేవాళ్లకు ఒక ప్యాకేజీ, దాని మీద కొత్త ప్రోగ్రాములు కట్టేవాళ్లకు వేరే ప్యాకేజీ. రెండోదానికి చివర ‘-డెవెల్’ అని ఉంటుంది. అది మా సీడీలోనే ఉంది, పేరు తెలియక అడగలేదంతే.

రెండేళ్లకు ఉద్యోగంలో డెబియన్ మీద కూర్చోబెడితే, నేర్చుకున్న పాఠం కదా అని దర్జాగా ‘జెడ్‌లిబ్-డెవెల్’ కొట్టాను. అలాంటిదేమీ లేదంది. అక్కడ దాని పేరు ‘జెడ్‌లిబ్1జి-డెవ్’. డెవెల్‌కు, డెవ్‌కు మధ్య ఉన్న ఆ రెండక్షరాల తేడాకు నాకు ఇంతవరకూ ఒక్క కారణమూ కనిపించలేదు. ఒక ఇంట్లో అమ్మమ్మ అంటారు, పక్కింట్లో అమ్మమ్మనే తాతమ్మ అంటారు. వెబ్ సర్వర్‌దీ అంతే: డెబియన్‌లో ‘అపాచీ2’, రెడ్ హ్యాట్‌లో ‘హెచ్‌టీటీపీడీ’. మా జట్టు పనిపుస్తకంలో ప్రతి ఆదేశానికీ రెండు గళ్లు గీసి పెట్టేవాణ్ని.

ఇక ఆ ‘జి’ దగ్గరికి వస్తాను.

లైబ్రరీ ప్యాకేజీ పేరులో అంకె ఎందుకంటే, పాత తరం లైబ్రరీనీ కొత్త తరాన్నీ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కన ఉంచడానికి. పాతదాని మీద కట్టిన ప్రోగ్రాములు పాతదాన్నే వెతుక్కుంటాయి. పేర్లు వేరైతే రెండూ ఒకే ఇంట్లో కాపురం చేయగలవు. ఇంతవరకు సజావైన సంగతే. కానీ 1997, 98 ప్రాంతంలో లినక్స్ కింద పునాదే మారింది. సి భాష ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన లైబ్రరీ ‘లిబ్‌సి5’ నుంచి గ్నూ వారి ‘లిబ్‌సి6’కు, అంటే జీలిబ్‌సికి మారింది. రెడ్ హ్యాట్ 5.0తో దూకింది. డెబియన్ 1998 జులైలో 2.0తో, ‘హ్యామ్’ అనే విడుదలతో దాటింది. ఈ దాటింపులో ఒక చిక్కొచ్చింది. జెడ్‌లిబ్‌లో ఏమీ మారలేదు. అది ఇంకా ఒకటో తరమే. కానీ పాత పునాది మీద కట్టిన జెడ్‌లిబ్‌నూ, కొత్త పునాది మీద కట్టిన జెడ్‌లిబ్‌నూ ఒకదాని బదులు ఒకటి వాడితే ప్రోగ్రాములు కూలతాయి. రెండూ కొంతకాలం కలిసి ఉండక తప్పదు. జెడ్‌లిబ్1 అనే పేరు పాతదాని దగ్గర ఉంది. అందుకని కొత్తదానికి చివర ‘జి’ తగిలించారు, జీలిబ్‌సికి గుర్తుగా. జెడ్‌లిబ్ ఒక్కదానికే కాదు, అప్పట్లో వరసబెట్టి చాలా లైబ్రరీలకు ఈ తోక మొలిచింది.

తోక తీసేసే దారి కూడా ఆనాడే ఉంది. లైబ్రరీ తరం మారి అంకె పెరిగినప్పుడు ఎలాగూ కొత్త పేరు వస్తుంది, అప్పుడు ‘జి’ రాలిపోతుంది. చాలావాటికి అలాగే రాలిపోయింది. జెడ్‌లిబ్‌ను రాసినవాళ్లు మాత్రం పాతవాటిని విరిచే మార్పు ఎన్నడూ చేయలేదు. ముప్పై ఏళ్లయినా దాని అంకె 1 దాటలేదు. మంచి ఇంజినీరింగ్‌కు దక్కిన ఫలితం ఈ తోక అన్నమాట! ఇప్పుడు తీసేద్దామన్నా, దాన్ని ఆ పేరుతో పిలిచే ప్యాకేజీలు, స్క్రిప్టులు, పాఠ్యపుస్తకాలు ఎన్నని? అసలు నియమం ప్రకారం దాని పేరు ‘లిబ్‌జెడ్1’ అయి ఉండాలి. సూసెలో అలాగే పిలుస్తారు. నియమం పాటించిన పేరు చూస్తే నాకే అదెవరో పరాయి మనిషిలా అనిపిస్తుంది.

డెబియన్ వాళ్లకు ఈ తోకల విద్య అబ్బింది. సి++ కంపైలర్ జీసీసీ తీరు మారినప్పుడల్లా ఒక కొత్త తోక. జీసీసీ 3.2 కాలంలో ‘సి102’, 2005లో జీసీసీ 4 వచ్చినప్పుడు ‘సి2’, 2015లో జీసీసీ 5 అప్పుడు ‘వి5’. చెట్టు నరికితే మాను మీది వలయాలు చూసి ఏ ఏడు కరువో చెబుతారు. పాత సర్వర్ ఒకటి నా ముందు పెడితే, దాని ప్యాకేజీల తోకలు చూసి నేనూ ఏడాది అటూఇటూగా వయసు చెప్పగలను.

తోకలు అందరూ కలిసి ఒప్పుకుని పెట్టుకున్నవి. ఇద్దరికి ఒకే పేరు వచ్చినప్పుడు పుట్టే తగువులు వేరే రకం. నా తలకు చుట్టుకున్నది ‘గిట్’. 2005 ఏప్రిల్‌లో లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ రాశాడు. 2007లో మా చోట దాని పేరు వినబడి, నేనే ముందుండి నేర్చుకుని అందరికీ చూపిద్దామని ఒక మధ్యాహ్నం సమావేశం పెట్టించాను. అందరి ముందు ‘గిట్’ ప్యాకేజీ ఎక్కించి, పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. తెర నిలువునా రెండు గళ్లుగా చీలి, అటూ ఇటూ ఫైళ్ల జాబితాలు కనిపించాయి. “ఇదేనా, ఇది మా చిన్నప్పటి నార్టన్ కమాండర్ కదా” అని వెనక వరసలోంచి ఒకాయన నవ్వాడు. అది గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్. లైనస్ గిట్‌కంటే చాలా ముందే డెబియన్‌లో ఆ పేరు మీద స్థిరపడింది. లైనస్‌ది ‘గిట్-కోర్’ పేరుతో ఉంది. ప్రపంచమంతా ఎవరిని గిట్ అంటున్నా సరే, ముందొచ్చినవాడిదే పేరు. చివరికి పాత గిట్ ‘గ్నూఇట్’గా పేరు మార్చుకుని తప్పుకుంది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ‘స్క్వీజ్’ విడుదల నాటికి లైనస్ గిట్‌కు తన పేరు దక్కింది. నాకైతే ఆ పాతదాని మీదే జాలి. ఏ తప్పూ చేయకుండా, పక్కింట్లో పేరున్న బిడ్డ పుట్టినందుకు తన పేరు వదులుకుంది.

‘నోడ్’ తగువులో మర్యాద కూడా లేదు. హ్యామ్ రేడియో వాళ్లు రేడియో తరంగాల మీద డేటా పంపుకునే ‘నోడ్’ అనే ప్రోగ్రామ్ డెబియన్‌లో ఎప్పటినుంచో ఉంది. తర్వాత జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ వచ్చి, దాని ఆదేశమూ ‘నోడ్’ అంది. డెబియన్ విధానంలో ఒక మొండి వాక్యం ఉంది: వేరువేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరు వాడకూడదు, ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాకపోతే ఇద్దరూ పేరు మార్చుకోవాలి. రొట్టె కోసం కొట్లాడిన రెండు పిల్లుల కథలో కోతి తీర్పు లాంటిదే. 2012లో సాంకేతిక కమిటీ దాదాపు అలాగే తేల్చింది. హ్యామ్‌ది ‘ఏఎక్స్25-నోడ్’, జావాస్క్రిప్ట్‌ది ‘నోడ్‌జేఎస్’. ఆ తర్వాత కొన్నేళ్లపాటు, ఎక్కడినుంచో తెచ్చిన స్క్రిప్టు నడిపితే ‘నోడ్ లేదు’ అనడం, మా కుర్రాళ్లు ‘నోడ్‌జేఎస్-లెగసీ’ అనే ఇంకో ప్యాకేజీ ఎక్కించుకోవడం మామూలైపోయింది. క్రోమియం కూడా ఇదే బాపతు. ఆ పేరు ముందు ఒక అంతరిక్ష యుద్ధాల ఆటది. బ్రౌజర్ ‘క్రోమియం-బ్రౌజర్’ అని తోక పెట్టుకుని కాచుకుని, ఆ తర్వాతే డెబియన్‌లో ఆ పేరుకు యజమాని అయింది. ఉబుంటులో ఇంకా ఆ తోకతోనే ఉంది.

పేరు లాయర్ల చేతిలో పడిన సందర్భమూ ఉంది. ఫైర్‌ఫాక్స్ బొమ్మ లైసెన్సు స్వేచ్ఛగా లేదని డెబియన్ ఆ బొమ్మ వాడలేదు. బొమ్మ లేకుండా, మేం ఒప్పుకోని మార్పులతో, మా పేరు వాడొద్దని 2006లో మొజిల్లా అంది. డెబియన్ నిప్పునక్కను ‘ఐస్‌వీసెల్’ చేసింది, మంచు ముంగిస అనుకోండి. థండర్‌బర్డ్ ‘ఐస్‌డవ్’ అయింది. మా లెక్కల విభాగంలో ఒకావిడ పొద్దున్నే ఫోన్ చేసి “నెట్ పోయిందండీ, వేరేదేదో వచ్చింది” అంది. రెండేళ్లు వాడింది, అయినా పేరు నోటికి పట్టలేదు. 2016లో ఫైర్‌ఫాక్స్ తిరిగొచ్చినప్పుడు ఆవిడ పదవీ విరమణ చేసి వెళ్లిపోయింది.

భాషల లైబ్రరీలది ఇంటిపేర్ల గొడవ. మనవాళ్లకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాస్‌పోర్టు ఫారంలో అది తలకిందులై మనలో ఎంతమంది తిప్పలు పడ్డారో తెలిసిందే. ప్యాకేజీల్లో అదే తిప్ప. పెర్ల్ లైబ్రరీ అయితే రెడ్ హ్యాట్ ‘పెర్ల్-’ అని ఇంటిపేరు ముందు పెడుతుంది, మన పద్ధతి. ఫ్రీబీఎస్‌డీ ‘పీ5-’ అని పొడి అక్షరాల్లో పెడుతుంది, ఆఫీసు రిజిస్టరులోలాగ. డెబియన్ ముందు ‘లిబ్’, వెనక ‘-పెర్ల్’ పెట్టి మధ్యలో మనిషిని ఇరికిస్తుంది. పైథాన్‌కు మాత్రం డెబియన్‌లోనూ ఇంటిపేరు ముందే. రూబీ వాళ్లు మొదట పెర్ల్ పద్ధతిలో ఉండి, 2011 ప్రాంతంలో ‘రూబీ-’ అని ముందుకు తెచ్చుకున్నారు. ఒకే ఇంట్లో ఇన్ని ఆచారాలేమిటంటే, ఏ భాష ప్యాకేజీలు చూసే జట్టు ఆ భాషకు నియమం పెట్టుకుంది. పైథాన్ రెండు, మూడు తరాల మధ్య చీలిక ముదిరాక ‘పైథాన్’ అనే ఒట్టి పేరును ఎవరికీ ఇవ్వకుండా ఉంచక తప్పలేదు. ఇప్పుడు ‘పైథాన్-ఈజ్-పైథాన్3’ అనే ప్యాకేజీ ఉంది. ప్యాకేజీ పేరు పూర్తి వాక్యమైన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

మరి తెలుగు? ఈ వ్యవస్థలో మన భాషకు మూడు పేర్లు. అది తెలియక నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. లిబ్రేఆఫీసు తెలుగులో కావాలంటే చివర రెండక్షరాలు, టి-ఇ. అక్షరదోషాలు దిద్దే హన్‌స్పెల్‌కూ అవే. స్కాన్ చేసిన పేజీని చదివే టెసరాక్ట్‌కు మూడక్షరాలు, టి-ఇ-ఎల్. ఫాంటుకు నాలుగు, టి-ఇ-ఎల్-యు. మొదటి రెండూ భాష సంకేతాలు, మూడోది లిపి సంకేతం. ఈ సంగతి విడమరిచి చెప్పేవాళ్లు దొరికాక నాకు కోపం పోయి ముచ్చటేసింది. ఫాంటుకు భాషతో పనిలేదు, దానికి తెలిసింది లిపే. హిందీ, మరాఠీ రెంటికీ దేవనాగరి ఫాంటు ఒకటే చాలు. మనకు భాషా లిపీ ఒకే పేరుతో ఉండటంవల్ల ఆ తేడా ఎప్పుడూ తట్టదు. టెసరాక్ట్‌లో భాషకు ఒక ప్యాకేజీ, ‘స్క్రిప్ట్’ అని లిపికి మరో ప్యాకేజీ రెండూ ఉన్నాయి. సంస్కృత శ్లోకాలు తెలుగు లిపిలో అచ్చయిన పాత పుస్తకాలు ముందేసుకున్న రోజున ఆ రెండోది ఎందుకుందో నాకు బోధపడింది.

అయితే ఆ ఫాంట్ల పేర్లే నన్ను ఒకసారి ముంచాయి. ఒక గ్రంథాలయంలో పది కంప్యూటర్లకు తెలుగు పెట్టడానికి స్క్రిప్టు రాసిచ్చాను, అందులో ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’ అని ఉంది. కాలక్రమంలో అన్ని ఫాంట్లూ టీటీఎఫ్ రకం కావని డెబియన్ వాళ్లు గ్రహించి, ఫాంట్లన్నిటికీ ‘ఫాంట్స్-’ అనే ముందుపేరు ఖాయం చేశారు. మనది ‘ఫాంట్స్-’ తర్వాత ఆ నాలుగక్షరాలు అయింది. పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ కొంతకాలం దారి చూపింది, మారిన ఇంటి తలుపుకు అంటించిన చీటీలాగ. ఆ చీటీ కూడా చింపేశాక స్క్రిప్టు ఆగిపోయింది, గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. అప్పుడే చూశాను, రెడ్ హ్యాట్ కుటుంబపు ఫెడోరాలో అదే ముక్క వెనక ఉంటుంది: ‘లోహిత్-తెలుగు-ఫాంట్స్’. లోహిత్ అంటే ఎరుపు, రెడ్ హ్యాట్ పేరులోని ఎరుపే. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు మాత్రం అక్కడ ‘పోతన2000’, ‘వేమన2000’ అని సొంత పేర్లతో ఉన్నాయి. డెబియన్‌లో ఇద్దరు కవులనూ కలిపి ‘ఎక్స్‌ట్రా’ అనే పొట్లంలో కట్టారు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

అన్ని ఇళ్లకూ ఒకే పద్ధతి పెడదామన్న ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. లినక్స్ స్టాండర్డ్ బేస్ అనే ఒప్పందంలో ప్యాకేజీలు ‘ఎల్ఎస్‌బి-’తో మొదలవ్వాలనీ, ఆ తర్వాతి పేరు కోసం ఒక రిజిస్ట్రీ దగ్గర నమోదు చేసుకోవాలనీ రాశారు. అలాంటి పేరున్న ప్యాకేజీని నేను ఉద్యోగంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నిసార్లు చూశాను. 2015లో డెబియన్ ఆ ఒప్పందాన్ని చాలావరకు వదిలేసింది. దానికంటే తెలివైన పని రెడ్ హ్యాట్ ప్యాకేజీ పద్ధతైన ఆర్‌పీఎం వాళ్లు చేశారు. పేరు నీ ఇష్టం, కానీ లోపల ఏ లైబ్రరీ ఫైలుందో, ఏ పెర్ల్ మాడ్యూల్ ఉందో నువ్వే ప్రకటించు. కావలసినవాళ్లు ప్యాకేజీని కాదు, ఆ సరుకును అడుగుతారు. పేరుతో పిలవడం మాని పనితో పిలవడమన్నమాట. మేస్త్రీ కావాలంటే మేస్త్రీ అని కేకేస్తాం, ఎవరు పలికినా సరే.

2025 ఆగస్టు 9న డెబియన్ 13, ‘ట్రిక్సీ’ విడుదలైంది. నెల తర్వాత ఒక శనివారం రాత్రి మా సర్వర్ ఒకదాన్ని దానికి మార్చడానికి కూర్చున్నాను. తెర మీద వరసలు కదులుతుంటే ఎక్కడ చూసినా కొత్త తోక: ‘టి64’. 32 బిట్ల లెక్కలో కాలం 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు పెంచాలి. పెంచితే లైబ్రరీలు పాతవాటితో పొసగవు. అందుకని 2024లో వందల లైబ్రరీలకు ఒకేసారి పేరు మార్చారు. చిక్కు నిజంగా ఉన్నది 32 బిట్ల యంత్రాల్లో. కానీ పేరు అన్ని రకాల యంత్రాల్లోనూ ఒకటే ఉండాలి కనక, ఏ జబ్బూ లేని మా 64 బిట్ల సర్వర్‌కు కూడా తోక తగిలింది. వాటిలో ‘లిబ్‌పీఎన్‌జీ16-16టి64’ దగ్గర ఆగి చదువుకున్నాను. మొదటి 16 అంటే లైబ్రరీ 1.6వ వెర్షన్. పేరు అంకెతో ముగిసింది కనక మధ్యలో గీత. రెండో 16 తరం. ఆపై 2038 భయం.

పని ముగిశాక అలవాటుకొద్దీ జాబితా చివరికి పోయాను. జెడ్‌లిబ్1జికి ఈసారి ఏ తోకా మొలవలేదు. కాలంతో దానికి అంత సంబంధం లేదు. పక్కన వెర్షన్ గడిలో మాత్రం ఇలా ఉంది: 1:1.3.డీఎఫ్ఎస్‌జీ+రియల్లీ1.3.1-1+బి1. ముందున్న ‘1:’ శకం. వెర్షన్ల లెక్క ఎప్పుడో తేడా వచ్చి, శాలివాహన శకంలాగ మళ్లీ కొత్త శకం మొదలుపెట్టారన్న గుర్తు. ‘డీఎఫ్ఎస్‌జీ’ అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రాలకు సరిపడనివి తీసేసిన ప్రతి. ఆ అక్షరాలు చేర్చడంతో డెబియన్ పోలిక లెక్కలో 1.3.డీఎఫ్ఎస్‌జీ అన్నది 1.3.1 కంటే పెద్దదైపోయింది. అసలు 1.3.1 వచ్చేసరికి అది చిన్నదిగా లెక్కతేలి, కొత్తదిగా ఎక్కనంది. అందుకని పాత పేరు పక్కనే ‘రియల్లీ1.3.1’, నిజానికిది 1.3.1 అని సంజాయిషీ రాసుకున్నారు. చివరి ‘బి1’ సోర్సులో ఏమీ మార్చకుండా మళ్లీ ఒకసారి కట్టారనడానికి. రాత్రి ఒంటిగంటప్పుడు దాన్ని పనిపుస్తకంలోకి ఎక్కించాను, రెండు గళ్లలో ఎడమ గడిలో. కుడి గడిలో, ఫెడోరా కింద, ‘జెడ్‌లిబ్-ఎన్‌జీ-కంపాట్’ అని రాసి, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి పడుకున్నాను.